సాఫ్ చేసిన నాచు

ముప్పై ఏళ్లపాటు సిద్దిపేటలో దేవుడిచ్చిన ముఖంతో ఫోటో దిగినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, ఆ ముఖాన్నే కవర్లో పెట్టుకొని ఇంటికి తీసుకుపోయినవాళ్లు మాత్రం లేరు. పాత బస్టాండు పక్క సందులో కింద చెప్పుల దుకాణం, పైన రోష్నీ స్టూడియో. ఇరుకు మెట్లెక్కేటప్పుడు మనిషికి మొటిమలుంటాయి, కంటి కింద నలుపుంటుంది, మెడమీద పులిపిరి ఉంటుంది. మూడు రోజుల తర్వాత ఫోటోలో ఇవేవీ ఉండవు. గోధుమరంగులో ఎక్కిన పెళ్లికూతుళ్లు పాలరంగులో దిగేవాళ్లు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఫోటోను, పిల్లను మార్చి మార్చి చూసి, "గిది ఫక్రుద్దీన్ దగ్గర దిగిందేనా?" అని అడిగేవాళ్లు. అవునంటే మనసులో రెండు ఛాయలు తగ్గించుకొని మాట కలిపేవాళ్లు.

ఆ ప్రశ్నలో వెటకారం ఉందని ఫక్రుద్దీన్‌కు ఎప్పుడూ తోచలేదు. ఊరంతా తన చేతిని గుర్తుపడుతున్నదని సంబరపడేవాడు.

ఆయన తండ్రి దుబ్బాక అంగట్లో గాజులమ్మేవాడు. పదో తరగతి రెండుసార్లు తప్పిన కొడుకును హైదరాబాదులో ఒక ఉస్తాదు దగ్గర వదిలిపెట్టి, వెనక్కి చూడకుండా తిరిగొచ్చాడు. అక్కడ పని ఒక్కటే. నెగటివ్‌ను గాజుపలక మీద పెట్టి, కింద దీపం వెలిగించి, సూదిలా చెక్కిన పెన్సిలుతో జనం ముఖాల మీది అమ్మవారి మచ్చలు పూడ్చడం. ఒక్కో బుగ్గకు వందల చుక్కలు. ఆ చుక్కలు అసలు నెగటివ్ మీదనే పడతాయి, రెండో ప్రతి అనేది ఉండదు. పని అయ్యాక పాత ముఖం లోకంలో ఎక్కడా మిగలదు. "అసలుది మిగిలిందంటే నువ్వు పని సగమే చేసినట్టు" అని ఉస్తాదు చెప్పిన మాటను ఫక్రుద్దీన్ నమాజు కంటే క్రమం తప్పకుండా పాటించాడు. కంప్యూటర్ వచ్చింది, ఫోటోషాప్ వచ్చింది, పెన్సిలు పోయి మౌసు వచ్చింది. అలవాటు మాత్రం పోలేదు. సాఫ్ చేసిన ఫోటోను అసలు ఫోటో మీదనే సేవ్ చేసేవాడు. సాఫ్ అంటే ఆ స్టూడియోలో అర్థం అదే.

తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చాక ఆయన విద్యకు కొత్త గిరాకీ తగిలింది. ఊళ్లో స్తంభం కనబడితే ఫ్లెక్సీ, గోడ కనబడితే ఫ్లెక్సీ. అమరుల ఫోటోలు పైన వరసగా, తపాలా బిళ్లలంత. వాళ్లకు జోహార్లు చెప్పేవాడి ముఖం కింద, తలుపంత. ఇందులో ఎవరికీ సిగ్గు కనబడలేదు. మొరం కాంట్రాక్టరు నర్సయ్య ఒక వార్డుకు ఐక్య కార్యాచరణ కమిటీ కన్వీనరు. రిలే నిరాహార దీక్ష అంటే పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా టెంటు కింద కూర్చోవడం. నర్సయ్య ఒకరోజు దండతో కూర్చొని, మర్నాడు ఫోటో చూడటానికి మెట్లెక్కాడు.

"ఫక్రు భాయ్, గిదేం ఫోటోనే. పెండ్లికొడుకు లెక్క ఉన్న."

"మంచిగనే ఉన్నవు గదనే నర్సన్న."

"మంచిగుంటే ఎట్ల. దీక్షల కూసున్నోణ్ణి. బుగ్గలు జర లోపటికి గుంజు. పెదవులు ఎండినట్టు జెయ్యి."

"నిన్న పొద్దుగాల ఏం తిన్నవు?"

"నాలుగు ఇడ్లి, ఒక వడ. గవి ఫోటోల కనవడతయా?"

"బుగ్గలల్ల కనవడుతున్నయి. గుంజుత తీయి."

పావుగంటలో నర్సయ్య నలభై రోజులుగా తిండి లేనివాడయ్యాడు. కళ్లకింద రెండు గుంటలు కూడా వచ్చాయి. చూసుకొని ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తన త్యాగం అంతటిదని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇంక ఊళ్లోని ఆడపిల్లలందరూ తాజాగా కనబడాలి, ఉద్యమ నాయకులందరూ వాడిపోయి కనబడాలి. రెండింటికీ ఒకటే మౌసు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. బొగ్గు ఆగడంతో కరెంటు పోయింది. యూనివర్సిటీ హాస్టల్లో వంట బందైతే, ఫక్రుద్దీన్ చెల్లెలు షమ్షున్నీసా కూతురు అర్షీన్ ఇంటికొచ్చింది. ఆ అమ్మాయి వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ తన పనికి చాలదని రెండోరోజే హార్డ్‌డిస్కు పట్టుకొని మేనమామ స్టూడియోకు వచ్చింది. పెళ్లి ఆల్బమ్‌ల కోసం ఆయన కొన్న యంత్రానికి సిద్దిపేటలో సాటిలేదు. పైగా జనరేటరుంది.

"ఏం ఫోటోలు బేటా గివి?" అన్నాడు ఫక్రుద్దీన్ తెర మీదికి వంగి. "ఎవరి పెరడు?"

"అంటార్కిటికా మామూ. దక్షిణ ధ్రువం దిక్కు. మా గైడు సారు పోయినేడు పోయి తీసుకొచ్చిండు."

"మంచు ఏది మరి?"

"గాడ ఒక దిక్కు మంచు లేని జాగ ఉంటది. రాళ్లు, చిన్న చిన్న కుంటలు. మంచు కరిగి నీళ్లు పారిన కాడ నాచు ఉంటది. గిదే."

"పాకురు." ఫక్రుద్దీన్ వెనక్కి వాలాడు. "మా నల్లా కాడ గచ్చు మీద ఉన్నది. యాసిడ్ పోస్తే పోతది. దీన్ని చూసేటందుకు ఓడెక్కి పోయిండా మీ సారు?"

అర్షీన్‌కు ఓపిక ఎక్కువ. గైడు దగ్గర మూడేళ్లుగా ఉన్నవాళ్లకు అది తప్పదు. ఆ సారు పత్రికల్లో భూమాత కన్నీటి గురించి, ప్రకృతి తల్లి గుండెకోత గురించి వ్యాసాలు రాస్తాడు. కొలతలు, లెక్కలు, రాత్రింబగళ్ల చాకిరీ విద్యార్థులది. అర్షీన్ మామకు విడమరిచి చెప్పింది. ఆ చలికి నాచు వేలెడు ఎత్తు పెరగడానికి వందేళ్లు పట్టొచ్చు. బూటుతో ఒక్కసారి తొక్కితే ఆ అడుగు కొన్ని పదుల ఏళ్లు అట్లనే ఉంటుంది. అందుకని దాన్ని పీకి చూడరు, తొక్కి కొలవరు. ఫోటోలే తీస్తారు, ఒకదాని సగం మీద ఇంకొకటి పడేటట్టు. ఫోటోలన్నీ కంప్యూటర్‌కు ఇస్తే అది వాటిని కలిపి ఆ నేలకు నకలు కడుతుంది. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, నీళ్లు ఎటు పోతాయి, ఏ బొటనవేలంత జాగలో నాచు ఎంత పచ్చగా ఉంది, ఎంత ఎండింది, అంతా అందులో లెక్క తేలుతుంది.

"లెక్క తేలితే ఏమైతది?"

"రెండేండ్ల కింద నాచు పక్కపొంటి బండ్లు పోయేటందుకు బాట ఏసిన్రు. గా బాట నీళ్లకు అడ్డం వడ్డదని నాకు అనుమానం. నాచు ఎండుతున్నదని నకలుల తేలితే బాట జరుపుతరు. తేలకుంటే గాడనే ఉంటది. నవంబరుల గాడ ఎండకాలం, కొత్త బండ్లు వస్తయి. అక్టోబరు పదికి రిపోర్టు పోవాలె మామూ. గది దాటితే ఈ ఎండకాలం అంత బండ్లు గాడికెల్లే పోతయి."

ఫక్రుద్దీన్ తల ఊపాడు. విన్నాడని కాదు, మేనకోడలు ఇంత పెద్ద మాటలు చెబుతున్నదని.

మర్నాడు అర్షీన్‌కు జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతుంటే కూడా మెట్లెక్కి వచ్చి, హార్డ్‌డిస్కులోని మూడువందల పన్నెండు ఫోటోలను పెద్ద యంత్రంలోకి ఎక్కించింది. డిస్కును ఖాళీ చేసి పక్కన పెట్టింది, నకలుకు జాగా కావాలి కనుక. పోతూ పోతూ చెప్పింది.

"మామూ, నేను వచ్చేలోపు ఫోటోలు జర సాఫ్ జేసి పెట్టు. కాలు, నీడ, మసక, అసుంటియి ఏమన్న ఉంటే తీసెయ్యి."

ఆమె చదువులో సాఫ్ చేయడమంటే పనికిరాని ఫోటోలను ఏరి పక్కన పారేయడం. బూటుకాలు పడ్డది, నీడ పడ్డది, మసకగా వచ్చింది తీసేసి మిగతావాటిని ముట్టకుండా ఉంచడం. ఆ సంగతి సిద్దిపేటలో ఆమెకొక్కదానికే తెలుసు. చెప్పిన చోటేమో రోష్నీ స్టూడియో.

ఐదు రోజులు ఆమె దవాఖానలో సెలైన్ ఎక్కించుకుంటూ ఉంది. ఆ ఐదు రోజులు ఫక్రుద్దీన్ జీవితంలో బాగా పనిచేసిన రోజుల్లోకి లెక్క. సమ్మెలో పెళ్లిళ్లు లేవు. నర్సయ్య ఫ్లెక్సీలు తప్ప గిరాకీ లేదు. ఆయన ఆ ఫోటోలను ఒక్కొక్కటే తెరిచి, పెళ్లికూతుళ్లను చూసిన కన్నుతోనే చూశాడు. ఎక్కడ చూసినా మచ్చలు. పచ్చదనం మధ్య గోధుమరంగు పొక్కులు, వాటి నడుమ నల్లటి చారలు, చిడుము పట్టిన తలలాగా. మూలన రంగుగళ్ల అట్టముక్క ఒకటి, పక్కన స్కూలు పిల్లల స్కేలు. ప్రతి ఫోటోలో అవే.

"ఎవడు దీసిండో గని," అనుకున్నాడు, "స్కేలు గూడ పక్కకు పెట్టకుంట కొట్టిండు. పెండ్లి ఫోటోల చీపురు వెట్టినట్టు."

గైడు మీద జాలిపడి, అన్ని ఫోటోల్లోంచీ అట్టముక్కను, స్కేలును తుడిచేశాడు. తుడిచిన చోట పక్కనున్న నాచును తెచ్చి అతికించాడు. నలుపును లేపి పచ్చ చేశాడు. గోధుమరంగుకు నిగనిగలు ఇచ్చాడు. కాలు కనబడ్డచోట కాలు తీసేశాడు, నీడ కనబడ్డచోట వెలుగిచ్చాడు. ఆమె చెప్పింది అదే కదా. జనరేటరు డీజిలు అయిపోతే నర్సయ్య దీక్షా శిబిరం నుంచి తెప్పించుకొని మరీ చేశాడు. ప్రతి ఫోటోనూ అసలుదాని మీదనే సేవ్ చేశాడు. చివరికి మూడువందల పన్నెండు ఫోటోల్లోనూ దక్షిణ ధ్రువం కోనసీమలా ఉంది.

అర్షీన్ వచ్చేసరికి అక్టోబరు ఐదు. ఫోటోలు తెరిచి చూసే ఓపిక లేక నేరుగా నకలు కట్టే పనికి పెట్టింది. పొద్దున మొదలుపెడితే జనరేటరు మీద అది మధ్యాహ్నం నమాజు వేళకు పూర్తయింది. తెర మీద తిరుగుతున్న ఆ పచ్చటి నేలను కళ్లు చికిలించి చూసి, చిన్న బొమ్మ ఒకటి గైడుకు పంపించింది. పది నిమిషాల్లో ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ పెట్టింది.

"అద్భుతం అర్షీన్. ఎంత ఆరోగ్యంగా ఉందో చూడు. బాట వల్ల నష్టం లేదని తేలిపోయింది. అంటార్కిటికా శిబిరం వాళ్లతో మనకు గొడవ తప్పింది. వచ్చే యాత్రకు నీ పేరు నేను చెబుతాను, సరేనా? రిపోర్టు రాసేయ్."

ఫోన్ పెట్టేశాడు. ఫక్రుద్దీన్ ముఖం వెలిగిపోయింది. "చూసినవా, సారుకు సుత నచ్చింది."

సుత అంటే కూడా; సారుకు కూడా నచ్చేలా మామ ఏం చేశాడని అర్షీన్ తలెత్తింది. బొమ్మను పెద్దది చేసి మూలలకు పోయింది. రంగుల అట్ట ఉండాల్సిన చోట నేల మీద చిన్న బొడిపె ఉంది, మొటిమలాగా. ఇంకో మూలకు పోయింది. అక్కడా బొడిపె.

"మామూ, అట్ట ఏది?"

"తీసేసిన."

"స్కేలు?"

"గది గూడ. ఒక్క ఫోటోల గూడ జాడ దొరకదు. చూస్కో."

"నల్లగ ఉండాలె గదా గీడ. ఎండింది."

"ఉండె. శాన ఉండె. సాఫ్ జేసిన."

ఆమె ఫోల్డర్లన్నీ తెరిచి వెతికింది. "అసలుయి ఏడ దాసినవు?" అంది.

"అసలుయి దాసుడేంది?" అన్నాడు ఫక్రుద్దీన్. ముప్పై ఏళ్లలో ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది.

అర్షీన్ ఏడవలేదు. ఏడిస్తే ఆయనకు తేలికయ్యేది. ఆమె అట్ట ఎందుకో చెప్పింది. ఎండలో తీసినా మబ్బులో తీసినా అసలు పచ్చ ఎంతో తేల్చేది ఆ అట్టే. ఎంత జాగో తేల్చేది స్కేలే. ఆయన తుడిచేసింది మచ్చల్ని కాదు, సాక్ష్యాన్ని. ఫక్రుద్దీన్ ముందు మొండికేశాడు. మూడువందల పన్నెండు చేత్తో చేశాననీ, పాకురుకు ఇంత పంచాయితీ ఏందనీ అన్నాడు. ఆమె వినలేదు. స్పీకర్ మీదనే గైడుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. గైడు గొంతు బాగా మెత్తబడింది.

"చూడమ్మా. ఇంకో కాపీ ల్యాబ్‌లో ఉంది, నిజమే. కాని ల్యాబ్‌కు తాళం, సిబ్బంది సమ్మెలో ఉన్నారు. గడువు ఐదు రోజులు. ఫోటోల నాణ్యత పెంచామని ఒక వాక్యం రాసేయ్. అబద్ధం కూడా కాదు."

"బాట గాడనే ఉంటది సార్ అప్పుడు."

"అంటార్కిటికాకు పోయి ఎవరు చూస్తారు అర్షీన్? నీ యాత్ర సంగతి ఆలోచించుకో."

భూమాత కన్నీరు ఎంత తొందరగా ఆరిపోతుందో ఫక్రుద్దీన్ ఆ రోజు విన్నాడు. ఆయనకు ఆశ్చర్యం కలగలేదు. టెంటుకింద కూర్చునేవాళ్లను రోజూ చూస్తున్నవాడే. కాని ఒకటి మాత్రం గుచ్చుకుంది. తను బుగ్గలు గుంజేది నర్సయ్య కోసం. ఆ సంగతి నర్సయ్యకు తెలుసు, తనకు తెలుసు, చూసేవాళ్లలో సగం మందికి తెలుసు. పెళ్లికూతురి రంగు కూడా అంతే, మోసపోవడానికి కూడా ఒక ఒప్పందం ఉంటుంది. ఈ పాకురు తనను అడగలేదు. దాన్ని అందంగా చేసి, దాని మీద బండ్లు నడిపించే పనికి తన చేయి వాడుకుంటున్నారు.

"బాట ఏ దిక్కు ఉన్నది?" అన్నాడు.

ఆమె తెర మీద వేలు పెట్టి చూపింది.

"గాడనే శాన నలుపు ఉండె," అన్నాడు ఫక్రుద్దీన్ మెల్లగా. "రాళ్ల పక్కపొంటి, పట్టీ లెక్క. ఇటు దిక్కు ఏం లేకుండె. నాకు యాదికున్నది."

అర్షీన్ మొహంలో ఆశ మెరిసింది. "అయితే నువ్వు చెప్పు మామూ, మళ్ల నల్లగ చేద్దాం. నీకు యాదికున్నంత."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు.

"చేస్త. నర్సయ్యను ఎండవెట్టినట్టు దీన్ని గూడ ఎండవెడ్త. మీ సారు తాత గూడ గుర్తువట్టడు. గని గప్పుడు గది నర్సయ్య అయితది బేటా, పాకురు గాదు. అసలుది తేవాలె."

అసలుది వంద కిలోమీటర్ల దూరంలో, తాళం వెనక ఉంది. తాళం యూనివర్సిటీ ఉద్యోగుల సంఘం చేతిలో ఉంది. ఆ సంఘంలో నర్సయ్య బామ్మర్ది ఉన్నాడు. ఫక్రుద్దీన్ మెట్లు దిగి దీక్షా శిబిరానికి పోయాడు. నర్సయ్య అప్పుడే భోజనం చేసి వచ్చి దండ వేసుకుంటున్నాడు.

"ఏంది, పాకురు ఫోటోల కోసం సమ్మె విరమించాల్నా?" అన్నాడు నర్సయ్య అంతా విని. "నాలుగు కోట్ల మంది ఆకాంక్షనే ఇది."

"విరమించుడు గాదన్నా. ఒక తాళం."

"తాళం అంటే తాళం కాదు భాయ్, ఉద్యమం." నర్సయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పాత బస్టాండు కాడ పెద్ద ఫ్లెక్సీ పెడ్తున్నం. ఇరవై అడుగులు. నాది ఒక్కటే ముఖం. పోయినసారి కంటే ఇంక జర ఎండాలె. పక్కటెముకలు రావాలె."

"అంగీ మీదికెల్లి పక్కటెముకలు ఎట్ల వస్తయే?"

"అంగీ తీసి దిగుత."

దిగాడు. ఫక్రుద్దీన్ ఆ పొట్ట మీద మూడు గంటలు పనిచేశాడు. ఒక నిజం కోసం ఆయన చేసిన ఈ అబద్ధం ఆయన చేసినవాటన్నింటిలోకీ పెద్దది, వైశాల్యంలో కూడా. పని చాలా బాగా కుదిరిందని దాచుకోకుండా చెప్పుకున్నాడు. నర్సయ్య బామ్మర్దికి ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున్నే మేనమామ, మేనకోడలు పాత చేతక్ స్కూటర్ మీద హైదరాబాదు బయలుదేరారు. నాలుగు చోట్ల రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ప్రతిచోటా ఆపి, నినాదం ఇప్పించి, ఇస్తరాకులో పులిహోర పెట్టిగాని పోనివ్వలేదు. మూడో చోట ఫక్రుద్దీన్, "తెలంగాణ వచ్చేదాక నా కడుపు ఆగేట్టు లేదు," అన్నాడు. జ్వరం వచ్చిన తర్వాత అర్షీన్ మొదటిసారి నవ్వింది.

యూనివర్సిటీలో ల్యాబ్ మెట్ల ముందు టెంటు. అటెండరు కొండవ్వ చాప మీద కూర్చొని ఉంది. కొంగున తాళంచెవుల గుత్తి.

"మీ నర్సయ్య మనిషి ఫోన్ జేసిండు," అంది కొండవ్వ. "గని నేను తాళం తియ్య. సమ్మెల ఉన్న. తీస్తే ద్రోహం అయితది."

"అవ్వా, ఎట్ల మరి?" అంది అర్షీన్.

"ఎట్లేంది. నేను నీళ్లు తాగ పోతున్న. గుత్తి బరువున్నది, చాప మీద పెట్టి పోత. వచ్చేవరకు చాప మీదనే ఉండాలె." లేచి రెండడుగులు వేసి ఆగింది. "గా సారు గదిల ఫ్యాను తిరుగుతనే ఉన్నది నెల రోజుల సంది. గది గూడ బందు వెట్టుర్రి."

డిస్కు దొరికింది. సాయంత్రానికి సిద్దిపేటలో ఉన్నారు. మర్నాడు జనరేటరు మీద, ఈసారి ఫక్రుద్దీన్ ఎదురుగా స్టూలు మీద చేతులు కట్టుకొని కూర్చోగా, అర్షీన్ అసలు ఫోటోలను సాఫ్ చేసింది. తన పద్ధతిలో. ఇరవై ఏడు ఫోటోలు పక్కన పడ్డాయి, మిగతావాటి జోలికి పోలేదు. నకలు కట్టడం అయ్యాక తెర మీద తిరిగిన నేల చూడటానికి బాగాలేదు. మచ్చలు, పొక్కులు, ఎత్తుపల్లాలు. బాట ఉన్న దిక్కున రాళ్ల పక్కనే నల్లటి పట్టీ. దాని ఎగువన నీళ్లు నిలిచినట్టు లెక్కలో తేలింది, దిగువకు పోవడం లేదని కూడా. ఫక్రుద్దీన్ చాలాసేపు చూశాడు.

"నేను చెప్పిన గదా," అన్నాడు. "పట్టీ లెక్క ఉండెనని."

మెచ్చుకోవాల్సింది అప్పుడు కూడా తన జ్ఞాపకశక్తినే అని ఆయన ఉద్దేశం.

గైడు ఫోన్ ఎత్తలేదు. రెండుసార్లు కట్ చేసి, మూడోసారి, ఈ రిపోర్టు మీద తన పేరు ఉండకూడదని సందేశం పంపాడు. ఏడాదంతా అర్షీన్ రాసిన ప్రతి కాగితం మీద మొదటి పేరు ఆయనదే. ఈ ఒక్కదాని మీద వద్దన్నాడు. తన పేరు దేని మీద నిలబడదో ఆ సారుకు బాగా తెలుసు.

అర్షీన్ రిపోర్టును జతచేసి, అంటార్కిటికా యాత్రలు నడిపే సంఘానికి నేరుగా ఉత్తరం రాసింది. మొదట గైడుకు పంపిన బొమ్మ ఒకవేళ వాళ్లకు చేరి ఉంటే దాన్ని పట్టించుకోవద్దని చెప్పాలి. సాంకేతిక లోపం వల్ల రంగులు మారాయని రాసి, మామకు చదివి తెలుగులో చెప్పింది.

"లోపం ఏంది?" అన్నాడు ఫక్రుద్దీన్.

"నీ పేరు ఎందుకు మామూ. నలుగురిల నగుబాటు."

"లోపం అంటే ఎవడో గాడిద ఏదో మీట తప్పు ఒత్తిండనుకుంటరు. ఒక్కొక్క ఫోటో చేత్తోని చేసిన. మూడువందల పన్నెండు. గాడిద పని గాదది." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నా పేరు రాయి. సిద్దిపేట, రోష్నీ స్టూడియో, ఫక్రుద్దీన్ అనేటోడు ఈ ఫోటోలను చెడగొట్టిండు అని రాయి. చెడగొట్టినా ఎవని చెయ్యో తెల్వాలె."

దీన్ని నిజాయితీ అనేవాళ్లు అనుకోవచ్చు. గర్వం అన్నా పెద్ద తేడా లేదు. ఆ ఉత్తరంలో మాత్రం ఆ వాక్యం అట్లాగే పడింది, పూర్తి పేరుతో, దుకాణం పేరుతో. తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం, కరెంటు వచ్చిన గంటలో, అది వెళ్లిపోయింది.

వచ్చే యాత్ర జాబితాలో అర్షీన్ పేరు లేదు. గైడు ఇంకో విద్యార్థిని పంపాడు. ల్యాబ్‌లో ఎదురుపడ్డా ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. ఆమె తన థీసిస్‌ను ఇంకొకరి కింద మొదటి నుంచి నమోదు చేసుకుంది. పాత బస్టాండు దగ్గర నర్సయ్య పక్కటెముకలు ఇరవై అడుగుల ఎత్తున, గాలికి చిరిగేదాకా ఉన్నాయి.

ఆ ఏడు నవంబరు మొదటి వారంలోనే జవాబు వచ్చింది. అర్షీన్ దాన్ని కాగితం మీద అచ్చువేయించి స్టూడియోకు తెచ్చింది. బాటను నలభై మీటర్లు పైకి జరుపుతున్నామని, నాచు వైపు రాళ్లతో గీత గీసి అటు ఎవరూ అడుగు పెట్టకుండా చూస్తామని, నిజం చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలని ఉంది. ఉత్తరం మొదట్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇంత తీరికగా ఫోటోలు చెడగొట్టగలవాడు శాస్త్రవేత్త తప్ప ఇంకెవరు అయివుంటాడని వాళ్లు అనుకున్నట్టుంది.

"డాక్టర్ ఫక్రుద్దీన్ అని రాసిన్రు మామూ," అంది అర్షీన్. "తప్పు వడ్డది. కాదని మెయిల్ పెడ్త."

ఫక్రుద్దీన్ ఆ కాగితం అందుకొని, చేయి చాచి దూరంగా పట్టుకొని, ఇంగ్లీషు రాకపోయినా తన పేరు ముందున్న ఆ ఒక్క అక్షరాల జంటను మాత్రం గుర్తుపట్టాడు. దవాఖాన బోర్డుల మీద రోజూ చూసేదే.

"బాట జరుపుతమని రాసిన్రా?"

"రాసిన్రు."

"గది నిజమేనా?"

"నిజమే."

"ఇగ సాలు," అన్నాడు కాగితం మడుస్తూ. "గా ఒక్క తప్పు గట్లనే ఉండనియ్యి."